ధర్మం, బీమా, హక్కు

మన పల్లెటూళ్ళలో పెద్దవాళ్ళు సర్కారు ఆసుపత్రిని ఇప్పటికీ ధర్మాసుపత్రి అనే అంటారు. ఆ మాటలో కృతజ్ఞత వుంది. దానితోబాటే లొంగుబాటు కూడా వుంది. ధర్మం చేసేవాడు బుద్ధి పుడితే చేస్తాడు, పుట్టకపోతే మానేస్తాడు. పుచ్చుకునేవాడు ఎందుకు మానేశావని నిలదీయటానికి వీల్లేదు. ప్రజల పన్నులతో కట్టి, ప్రజల పన్నులతో నడిపే ఆసుపత్రికి ఈ పేరు ఎందుకు అంటుకుపోయింది?

పేదవాడికి జబ్బు చేస్తే వైద్యం చేయించవలసిన బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నకు చరిత్రలో ముఖ్యంగా మూడు సమాధానాలు వచ్చాయి. అది వున్నవాళ్ళ దయ అన్నది మొదటిది. అది పనివాడు తన కూలిలోంచి చెల్లించిన చందాకు దక్కే ప్రతిఫలం అన్నది రెండవది. అది మనిషిగా పుట్టిన ప్రతివాడికీ సమాజం పడ్డ బాకీ అన్నది మూడవది. మొదటిదాన్ని ధర్మం అనీ, రెండవదాన్ని బీమా అనీ, మూడవదాన్ని హక్కు అనీ అనుకుందాం.

ఈ మూడూ ఒకే దేశంలో, ఒక శతాబ్దానికి కాస్త అటూయిటూగా, ఒకదాని వెనుక ఒకటి నడవటం బ్రిటన్‌లో చూస్తాం. ఆ చరిత్రను గురించి మనలో రెండు రకాల అభిప్రాయాలు ప్రచారంలో వున్నాయి. ఆరోగ్య బీమా దయగల పాలకుల దూరదృష్టికి ఫలితమని కొందరు అంటారు. కార్మికుణ్ణి మభ్యపెట్టటానికి పాలకవర్గం విసిరిన ఎంగిలి మెతుకే తప్ప అందులో మరేమీ లేదని ఇంకొందరు అంటారు. మొదటివాళ్ళు పోరాటాన్ని మరిచిపోతున్నారు; రెండవవాళ్ళు ఫలితాన్ని మరిచిపోతున్నారు. అసలు ఆ బీమా ఒక కార్మికుడి ఇంట్లో ఎలా పని చేసిందో చూస్తేగాని ఈ రెండు అభిప్రాయాల లోపమూ బోధపడదు.

1

1834లో బ్రిటిష్ పార్లమెంటు బీదల చట్టాన్ని సవరించింది. ఆ సవరణ వెనుక వున్న సూత్రం చాలా స్పష్టమైనది: సహాయం పుచ్చుకునేవాడి స్థితి, అతి తక్కువ కూలికి పనిచేసే స్వతంత్ర కూలివాడి స్థితి కంటే హీనంగా వుండాలి. హీనంగా వుంటేనే జనం సహాయం కోసం రాకుండా ఏ కూలికైనా పనికి పోతారు. కర్మాగారాలకు చవకగా మనుషులు కావలసిన కాలంలో ఈ సూత్రం పుట్టటంలో ఆశ్చర్యం లేదు. గత్యంతరం లేని బీదలను వర్క్‌హౌస్ అనే శాలల్లో చేర్చేవారు. అక్కడ భార్యాభర్తలను విడదీసి వుంచేవారు. జబ్బుపడ్డ బీదలకు ఆ శాలకు అనుబంధంగా వుండే వైద్యశాలే గతి.

ధర్మం ఉచితంగా దొరకదు. దాని ధర పౌరసత్వం. బీదల చట్టం కింద సహాయం పుచ్చుకున్నవాడు ఓటు హక్కు పోగొట్టుకునేవాడు. కేవలం వైద్యసహాయం మాత్రమే పుచ్చుకున్నవాడికి ఓటు హక్కు పోకూడదని 1885లో ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చింది. అంటే అంతకుముందు కూలివాడి బిడ్డకు జ్వరం వచ్చి పారిష్ డాక్టరు చేత మందు యిప్పిస్తే, ఆ మందు సీసాతోబాటు తండ్రి ఓటు కూడా చెల్లిపోయేదన్న మాట.

దాతల చందాలతో నడిచే స్వచ్ఛంద ఆసుపత్రులు మరొక రకం ధర్మం. వాటిలో చేరాలంటే చాలాచోట్ల చందాదారు రాసిచ్చిన సిఫారసు చీటీ కావాలి. 1895లో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో ఆల్మనర్ అనే ఉద్యోగిని మొదటిసారి నియమించారు. రోగి ఉచిత వైద్యానికి నిజంగా అర్హుడా, ఎంతో కొంత చెల్లించగలడా అని విచారించటం ఆమె పని. ఆ తర్వాత అనేక ఆసుపత్రుల్లో ఈ పద్ధతి వచ్చింది. డాక్టరు నాడి చూసేలోపల మరొకరు జేబు చూసేవారు.

రాబర్ట్ ట్రెసెల్ అనే పేరుతో రాసిన రచయిత సున్నాలు, రంగులు వేసే పనివాడు. పనివాళ్ళ జీవితం మీద అతను రాసిన నవల 1914లో గాని అచ్చుకాలేదు. అతను మాత్రం 1911 ఫిబ్రవరిలో లివర్‌పూల్‌లో క్షయతో చనిపోయాడు. ఇతర బీదలతో కలిపి ఒకే గోతిలో పాతిపెట్టారు. ఆ సంవత్సరం చివరనే ఆరోగ్య బీమా చట్టం వచ్చింది. క్షయ రోగులకు శానటోరియం చికిత్స అందులో ఒక అంశం.

2

ధర్మానికి చేయి చాచటం ఇష్టంలేని కార్మికులు పాలకుల కంటే చాలా ముందుగానే తమ బీమాను తామే ఏర్పాటు చేసుకున్నారు. ఆడ్ ఫెలోస్, ఫారెస్టర్స్ వంటి సహాయ సంఘాలలో పనివాళ్ళు వారం వారం కొన్ని పెన్నీలు కట్టేవారు. మంచానపడితే సంఘం కొంత డబ్బు యిచ్చేది, సంఘం పెట్టుకున్న డాక్టరు వచ్చి చూసేవాడు. దీన్ని తక్కువగా చూడటానికి వీల్లేదు. కార్మికవర్గం తన లెక్కలు తాను రాసుకోవటం, తన డాక్టరును తాను నియమించుకోవటం నేర్చుకున్న బడి ఇది. కాని ఈ బడిలో చేరటానికి నిలకడైన కూలి వుండాలి. ఓడరేవులో ఏ రోజుకారోజు పని దొరికే కూలివాడూ, ఇళ్ళలో కుట్టుపని చేసుకునే స్త్రీ చందా కట్టలేరు. వాళ్ళలో చాలామంది, ఇంటింటికీ తిరిగే బీమా కంపెనీ ఏజెంటుకు వారానికొక పెన్నీ కట్టేవారు. అది ఒంట్లో బాగులేనప్పుడు చికిత్స కోసం కాదు, చచ్చిపోతే బీదల గోతిలో పడకుండా పాతిపెట్టించుకోవటం కోసం. బతకటానికి బీమా చేసుకోలేనివాళ్ళు చావుకు బీమా చేసుకున్నారు.

ప్రభుత్వమే చట్టంద్వారా బీమాను నిర్బంధం చేయటం మొదట జరిగింది బ్రిటన్‌లో కాదు, జర్మనీలో. 1878లో సోషలిస్టు సభలనూ, సంఘాలనూ, పత్రికలనూ నిషేధిస్తూ బిస్మార్క్ చట్టం చేశాడు. ఆ నిషేధం అమలులో వుండగానే 1883లో కార్మికుల అస్వస్థతా బీమా చట్టం తెచ్చాడు. ఒక చేతిలో లాఠీ, మరొక చేతిలో మందు సీసా. సోషలిజం నుంచి కార్మికుణ్ణి విడదీసి రాజ్యానికి కట్టివేయాలన్న ఉద్దేశాన్ని ఆయన దాచుకోలేదు కూడా. చందాలో మూడింట రెండు వంతులు కార్మికుడిదీ, ఒక వంతు యజమానిదీ.

కాని చరిత్ర పాలకుల ఉద్దేశాల ప్రకారమే నడవదు. చందాలో రెండు వంతులు కార్మికులది గనక, ఆ నిధుల పాలకవర్గాలలో మూడింట రెండు వంతుల స్థానాలూ వాళ్ళకే వచ్చాయి. పార్లమెంటులో ఈ చట్టాన్ని వ్యతిరేకించిన సోషల్ డెమోక్రాట్లు, తర్వాత స్థానిక నిధుల ఎన్నికలలో పోటీ చేసి అనేకచోట్ల వాటిని చేతిలోకి తెచ్చుకున్నారు. సోషలిజాన్ని అణచటానికి పుట్టిన సంస్థలో సోషలిస్టులు గుమాస్తాలుగా, నిర్వాహకులుగా పని నేర్చుకున్నారు. 1933లో హిట్లర్ అధికారానికి రాగానే ఈ నిధులలోని సోషలిస్టు ఉద్యోగులనూ, యూదు డాక్టర్లనూ ఏరివేశాడు. ఆ సంస్థలు ఎవరి బలంగా మారాయో నాజీలకు తెలుసు.

3

లాయిడ్ జార్జి 1908లో జర్మనీ వెళ్ళి అక్కడి బీమాను చూసి వచ్చాడు. 1911 డిసెంబరులో జాతీయ బీమా చట్టం వచ్చింది. చందాల వసూలు 1912 జులైలో మొదలయింది. వైద్యం, భత్యాలు 1913 జనవరి నుంచి అందాయి. 16 ఏళ్ళ నుంచి 70 ఏళ్ళ లోపు శారీరక శ్రమ చేసే కూలివాళ్ళందరికీ, ఏడాదికి 160 పౌన్ల లోపు జీతం వచ్చే ఇతర ఉద్యోగులకూ ఇది నిర్బంధం. కోటికి పైగా జనం ఒక్కసారిగా బీమా కిందికి వచ్చారు.

ఇది ఎలా నడిచేది? ప్రతి పనివాడికీ ఒక కార్డు. యజమాని తపాలా కార్యాలయం నుంచి స్టాంపులు కొని, వారానికొకటి చొప్పున దానిమీద అంటించాలి. స్టాంపులో మగవాడి వాటా 4 పెన్నీలు, యజమాని వాటా 3 పెన్నీలు. పనివాడి నాలుగూ జీతంలోంచి ముందే కోసుకుంటారు. ప్రభుత్వం తన వంతుగా 2 పెన్నీలకు సమానమైన సొమ్ము కలుపుతుంది. నాలుగు పెన్నీలకు తొమ్మిది పెన్నీలు అన్న నినాదంతో లాయిడ్ జార్జి దీనికి ప్రచారం చేశాడు. ఆడవాళ్ళ వాటా 3 పెన్నీలు.

దానికి ప్రతిఫలంగా, ప్యానెల్ అనే జాబితాలో పేరున్న డాక్టర్లలో ఒకణ్ణి పనివాడు ఎంచుకోవచ్చు. ఆ డాక్టరు చూసినందుకూ, ఇచ్చిన మందులకూ ఇక డబ్బు ఇవ్వనక్కర్లేదు. రోగి వచ్చినా రాకపోయినా తన జాబితాలో వున్న తలకాయల లెక్కన డాక్టరుకు నిధినుంచి సొమ్ము ముడుతుంది. పని చేయలేని స్థితి అని డాక్టరు సర్టిఫికెట్ ఇస్తే నాలుగవ రోజు నుంచి వారానికి మగవాడికి 10 షిల్లింగులు, ఆడదానికి ఏడున్నర షిల్లింగులు 26 వారాల దాకా వస్తాయి. అప్పటికీ కోలుకోకపోతే వారానికి 5 షిల్లింగులు. కాన్పుకు 30 షిల్లింగులు.

ఈ లెక్కలను చులకన చేయకూడదు. అంతకుముందు పనివాడు జ్వరంతోనే పనికి పోయేవాడు. పడిపోయేదాకా డాక్టరు మొహం చూసేవాడు కాదు. జబ్బుతో మంచానపడితే ఇంట్లో ముందు గడియారం, తర్వాత దుప్పట్లు తాకట్టు కొట్టుకు నడిచేవి. ఇప్పుడు అతను కార్డు పట్టుకుని డాక్టరు గదిలోకి నడిచాడు. సిఫారసు చీటీ అక్కర్లేదు, ఓటు పోదు, ఆల్మనర్ ప్రశ్నలు లేవు. ఇది కట్టిన డబ్బుకు వచ్చే వైద్యం గనక తల వంచవలసిన పని లేదు. ధర్మం నుంచి బీమాకు వచ్చినప్పుడు కార్మికుడికి దక్కిన మొదటి లాభం తల ఎత్తుకోవటం.

అయితే వెల ఎవరు చెల్లించారు? చందా అందరికీ ఒకటే. వారానికి 20 షిల్లింగులు, అంటే 240 పెన్నీలు సంపాదించేవాడు తన కూలిలో అరవయ్యోవంతు కట్టాడు. 40 షిల్లింగులు సంపాదించేవాడు నూట యిరవయ్యోవంతు కట్టాడు. కూలి తగ్గినకొద్దీ బరువు పెరిగే పన్ను ఇది. కీర్ హార్డీ, స్నోడెన్, లాన్స్‌బరీ వంటి సోషలిస్టులు చందా పద్ధతిని ఎదిరించటానికి ఇదే కారణం. జబ్బులు కల్పించింది గనులూ, మిల్లులూ, మురికివాడలూ అయినప్పుడు, ఆ జబ్బు ఖర్చును జబ్బుపడ్డవాడి కూలిలోంచే కోయటం న్యాయమా అన్నది వాళ్ళ ప్రశ్న.

ఆ చట్టాన్ని మరొక వైపు నుంచి కూడా ఎదిరించారు. 1911 నవంబరులో లండన్ ఆల్బర్ట్ హాలులో దొరసానులు తమ ఇళ్ళ పనిమనుషులను వెంటబెట్టుకు వచ్చి సభ పెట్టారు. పనిమనుషుల కోసం తాము స్టాంపులు నాకి అంటించటమా అన్నది వాళ్ళ గోడు. రెండు వైపులా వ్యతిరేకత వుంది కాబట్టి లాయిడ్ జార్జి మధ్యేమార్గం సరైనదే అని కొందరు చరిత్రకారులు తేల్చేస్తారు. స్టాంపు నాకటానికి నామోషీ పడినవాళ్ళనూ, స్టాంపు ఖరీదు ఎవరి కూలిలోంచి పోతున్నదని అడిగినవాళ్ళనూ ఒకే తక్కెడలో తూచటం చరిత్ర అనిపించుకోదు.

ఈ చట్టం ఆమోదం పొందిన మరుసటి నెలలో, 1912 జనవరిలో, ప్రాగ్ నగరంలో రష్యన్ సోషల్ డెమోక్రాట్ల మహాసభ జరిగింది. జారు ప్రభుత్వం తెస్తున్న కార్మిక బీమా బిల్లు మీద అక్కడ లెనిన్ నాయకత్వాన ఒక తీర్మానం చేశారు. అందులో నాలుగు షరతులు వున్నాయి. జబ్బు, ప్రమాదం, వృద్ధాప్యం, కాన్పు, నిరుద్యోగం, అన్నీ బీమాలోకి రావాలి. కూలి మీద బతికే వాళ్ళందరూ, వాళ్ళ కుటుంబాలూ రావాలి. పోయిన కూలి పూర్తిగా ఇవ్వాలి, ఖర్చంతా యజమానులూ రాజ్యమూ భరించాలి. నిర్వహణ బీమాదారుల చేతిలో వుండాలి. బీమా అన్నదే మోసం అని ఆ తీర్మానం అనలేదు. ఏ బీమా అని అడిగింది. బ్రిటిష్ చట్టాన్ని ఈ నాలుగు షరతులతో కొలిచి చూస్తే దాని ఎత్తెంతో తెలుస్తుంది.

4

మొదట తేలేది: భార్యలు లేరు, పిల్లలు లేరు. బీమా కార్డు వున్నది కూలికి పోయేవాడికి. ఇంట్లో వండి, ఉతికి, పిల్లల్ని కని పెంచి, మర్నాడు అతణ్ణి మళ్ళీ పనికి పంపే స్త్రీకి కార్డు లేదు, ఎందుకంటే ఆమె పనికి కూలి లేదు. భర్తకు దగ్గు వస్తే డాక్టరు, భార్యకు దగ్గు వస్తే వంటింటి కషాయం. ఆమెకు ఆ చట్టం ఇచ్చిన ఒకే ఒక్క గుర్తింపు కాన్పు భత్యం. మహిళా సహకార సంఘం పట్టుబట్టబట్టి అదైనా వచ్చింది. మొదట ఆ 30 షిల్లింగులు భర్త పేరుతోనే వచ్చేవి. ఆ సంఘం మళ్ళీ ఆందోళన చేస్తే 1913లో చట్టం సవరించి అది తల్లి సొమ్మని చెప్పారు. ఆ సంఘమే 1915లో తన సభ్యురాళ్ళు కాన్పులను గురించి రాసిన ఉత్తరాలను పుస్తకంగా అచ్చువేసింది. సాహిత్య చరిత్రలలో చోటు దొరకని ఆ ఉత్తరాలు పార్లమెంటు నివేదికలు చెప్పని సంగతులు చెప్పాయి.

1932లో ఆర్థిక సంక్షోభం పేరిట, ఉద్యోగం చేసే వివాహిత స్త్రీల భత్యాలను చట్టంద్వారానే తగ్గించారు. వాళ్ళు ఎక్కువగా జబ్బుపడుతున్నారట! ఎక్కువ జబ్బుపడేవారికి ఎక్కువ సహాయం కావాలని వైద్యం అంటుంది. ఎక్కువ జబ్బుపడేవారు నష్టదాయకులని బీమా అంటుంది. ఈ రెండింటి మధ్య వున్న వైరుధ్యం ఏ అధికారి దుర్మార్గం వల్లా పుట్టింది కాదు, బీమా గణితంలోనే వుంది. 1939లో మార్జరీ స్ప్రింగ్ రైస్ 1,250 మంది కార్మిక గృహిణుల ఆరోగ్యం మీద జరిగిన విచారణను ప్రకటించింది. రక్తహీనత, నడుం నొప్పి, పుచ్చిన పళ్ళు, కాన్పుల్లో వచ్చిన దెబ్బలు, ఇవన్నీ జబ్బులని కూడా అనుకోకుండా ఏళ్ళ తరబడి మోసిన స్త్రీలు ఆ పుస్తకం నిండా వున్నారు. జాతీయ ఆరోగ్య బీమా వచ్చి అప్పటికి పాతికేళ్ళు దాటింది.

రెండవది: ఆసుపత్రి లేదు. బీమా ఇచ్చింది వీధి డాక్టరునూ, సీసాలో మందునూ. శస్త్రచికిత్స కావలసివస్తే మళ్ళీ ధర్మాసుపత్రి గుమ్మమే.

మూడవది నిర్వహణ. భత్యాలు పంచే పని ప్రభుత్వం తాను చేయలేదు. ఆమోదిత సంఘాలకు అప్పగించింది. సహాయ సంఘాలూ, కార్మిక సంఘాలూ వాటిలో వున్నాయి గాని, ప్రూడెన్షియల్ వంటి పెద్ద బీమా కంపెనీలు కూడా తమ తరఫున ఆమోదిత సంఘాలు పెట్టాయి. ఈ సంఘాలు లాభం తీసుకోకూడదని చట్టం అన్నది. కాని ఆ పేరు మీద కంపెనీ ఏజెంటు ప్రతి ఇంటి గడపా తొక్కి తన ఇతర బీమాలు అమ్ముకోవచ్చు. వితంతువులకూ, అనాథలకూ భృతి ఇవ్వాలని మొదట వున్న ఆలోచనను చట్టంలోంచి తీసివేయించింది కూడా ఈ కంపెనీల ఒత్తిడే; చావు బీమా వాళ్ళ వ్యాపారం మరి.

పైగా ఆరోగ్యం బాగులేనివాణ్ణి చేర్చుకోనని సంఘం చెప్పవచ్చు. గుమాస్తాలూ, ఆరోగ్యవంతులూ ఎక్కువగా చేరిన సంఘంలో డబ్బు మిగిలేది. ఆ మిగులుతో పళ్ళ వైద్యం, కళ్ళద్దాలు వంటి అదనపు సౌకర్యాలు ఇచ్చేవారు. గని కార్మికుల సంఘంలో జబ్బులు ఎక్కువ గనక మిగులు వుండదు, అదనపు సౌకర్యాలూ వుండవు. ఒకే స్టాంపు కొన్న ఇద్దరికి రెండు రకాల వైద్యం. పళ్ళు బాగున్నవాడికి పళ్ళ డాక్టరు దొరికాడు.

1930ల చివరికి సుమారు 2 కోట్ల మందికి ఈ బీమా వుంది. అంటే దేశ జనాభాలో సగంకంటే ఎక్కువమందికి లేదు.

5

దీనికి ప్రత్యామ్నాయం ఎవరో మేధావి బుర్రలో పుట్టలేదు. అది దక్షిణ వేల్స్ బొగ్గు గనుల్లో అప్పటికే నడుస్తున్నది. ట్రెడెగర్ అనే గని పట్టణంలో 1890లో కార్మికులు వైద్య సహాయ సంఘం పెట్టుకున్నారు. కూలిలో పౌనుకు 3 పెన్నీల చొప్పున కట్టేవారు. ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. చందా కూలిని బట్టి వుంది గాని అందరికీ ఒకటిగా లేదు. వైద్యం కార్మికుడికే కాక అతని ఇంటిల్లిపాదికీ వుంది. డాక్టర్లను నియమించేదీ, జీతం ఇచ్చేదీ కార్మికుల కమిటీ. ఊరు దాదాపు అంతా దాని కిందికి వచ్చింది. నవలాకారుడు క్రోనిన్ 1920లలో అక్కడ డాక్టరుగా పనిచేసి, ఆ అనుభవాన్ని 1937లో సిటడెల్ నవలలో వాడుకున్నాడు. ఆ నవల బ్రిటిష్ వైద్య వ్యవస్థ మీద పెద్ద చర్చనే లేవదీసింది.

ఆ ఊళ్ళోనే 1897లో అన్యూరిన్ బెవన్ పుట్టాడు. పిన్న వయసులోనే గనిలోకి దిగాడు. తండ్రి 1925లో బొగ్గు దుమ్ము తెచ్చిన ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయాడు. దానికి నష్టపరిహారం రాలేదు. 1945లో లేబర్ పార్టీ గెలిచినప్పుడు ఆరోగ్య మంత్రి అయినవాడు ఈ బెవనే.

మధ్యలో రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. బాంబులు పడినప్పుడు గాయపడినవాడి బీమా కార్డు వెతకటం సాధ్యం కాదు. యుద్ధకాలపు అత్యవసర వైద్య వ్యవస్థ ఆసుపత్రులన్నింటినీ ఒక ప్రణాళిక కిందికి తెచ్చి, అది సాధ్యమేనని చూపించింది. 1942 డిసెంబరులో బెవరిడ్జి నివేదిక వెలువడింది. సర్కారు నివేదిక కొనటానికి జనం బారులు తీరారు. 6 లక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోయింది. బెవరిడ్జి ఉదారవాది, సోషలిస్టు కాదు. సాంఘిక బీమాను ఆయన చందాల మీదే నిలిపాడు. కాని దేశంలో ప్రతి ఒక్కరికీ సమగ్ర వైద్యం అందించే సేవ వుండాలని ముందుగానే అంగీకరిస్తేగాని తన పథకం నిలవదన్నాడు.

1946లో జాతీయ ఆరోగ్య సేవ చట్టం వచ్చింది. ఇంగ్లండు, వేల్స్‌లలో 2,688 ఆసుపత్రులు జాతీయమయినాయి. డాక్టర్ల సంఘం తీవ్రంగా ప్రతిఘటించింది. 1948 ఫిబ్రవరిలో జరిగిన ఓటింగులో దాదాపు 90 శాతం డాక్టర్లు వ్యతిరేకించారు. 1911 చట్టాన్ని కూడా ఈ సంఘమే ఎదిరించి, 1913 జనవరికల్లా లొంగిపోయిందన్నది గుర్తుంచుకోవాలి. బెవన్ కొన్ని రాయితీలిచ్చాడు: వీధి డాక్టర్లు జీతగాళ్ళు కానక్కర్లేదు, ప్రత్యేక నిపుణులు ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే డబ్బిచ్చే రోగులను చూసుకోవచ్చు. డాక్టర్లు తమ ప్రాక్టీసులను ఆస్తిలా అమ్ముకునే పద్ధతిని రద్దుచేసి 6 కోట్ల 60 లక్షల పౌన్ల పరిహారం కేటాయించాడు. 1948 జులై 5న సేవ మొదలయింది.

బీమాకూ దీనికీ తేడా ఎక్కడ వుంది? వారం వారం స్టాంపు ఇంకా వుంది. ఆ స్టాంపే ఆసుపత్రి ఖర్చు భరిస్తున్నదని చాలామంది అనుకున్నారు కూడా. నిజానికి స్టాంపునుంచి ఈ సేవకు వచ్చింది స్వల్పభాగం. అధికభాగం సాధారణ పన్నులనుంచి, అంటే ఆదాయాన్ని బట్టి వసూలయ్యే సొమ్మునుంచి వచ్చింది. ముఖ్యంగా, చందా కట్టావా అని డాక్టరు గుమ్మంలో ఎవరూ అడగరు. చందాకూ వైద్యానికీ వున్న ముడి తెగిపోయింది. బీమా హక్కుగా మారిన చోటు అది.

ఆ రోజుల్లో డాక్టర్ల గదుల్లోకి ఎవరు వచ్చారు? ఏళ్ళ తరబడి గర్భసంచి జారి, గుడ్డలు కట్టుకుని పని చేసుకుంటున్న స్త్రీలు వచ్చారు. అంతవరకు దుకాణాల బల్లమీద కుప్పపోసిన కళ్ళద్దాల్లోంచి కంటికి ఆనినవి ఏరుకున్న ముసలివాళ్ళు వచ్చారు. మొదటి ఏడాదిలో దాదాపు 50 లక్షల కళ్ళద్దాలు ఇవ్వవలసి వచ్చింది. ఉచితమనేటప్పటికి జనం ఎగబడ్డారని పత్రికలు వెక్కిరించాయి. ఎగబడింది అత్యాశ కాదు. 37 సంవత్సరాల జాతీయ ఆరోగ్య బీమా గుమ్మం బయట నిలబెట్టిన జనం అది.

6

ఇక్కడితో కథ సుఖాంతమయిందనుకుంటే పొరపాటు. 1951లో కొరియా యుద్ధానికి ఆయుధ వ్యయం పెంచటంకోసం లేబర్ ప్రభుత్వమే కట్టుడు పళ్ళకూ, కళ్ళద్దాలకూ రుసుము పెట్టింది. బెవన్ మంత్రిపదవి వదులుకున్నాడు. 1952లో కన్సర్వేటివులు మందుల చీటీకి ఒక షిల్లింగు పెట్టారు. హక్కు ఒకసారి చట్టంలో రాసుకుంటే చాలదు, ప్రతి బడ్జెటులోనూ దాన్ని మళ్ళీ గెలుచుకోవాలి. వేల్స్ గని పల్లెలో పనిచేసిన డాక్టరు జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లో ఒక సూత్రం ప్రతిపాదించాడు: వైద్యం ఎక్కువ అవసరమైనచోట తక్కువగా దొరుకుతుంది, మార్కెటు శక్తులకు లోబడినకొద్దీ ఈ వైపరీత్యం పెరుగుతుంది. గుమ్మం తెరిచినంత మాత్రాన గుమ్మం దగ్గరికి దారి వెయ్యలేదన్న మాట. స్వదేశపు డాక్టర్లు పోవటానికి ఇష్టపడని అలాంటి గని లోయల్లోనూ, పారిశ్రామిక వాడల్లోనూ కొన్ని దశాబ్దాలపాటు గుమ్మంలో నిలబడ్డవాళ్ళలో భారత ఉపఖండపు డాక్టర్లు ఎందరో వున్నారు, వాళ్ళలో తెలుగువాళ్ళూ వున్నారు. మన ప్రజల డబ్బుతో చదివిన చదువు అది. బ్రిటిష్ కార్మికుడి హక్కులో మన రైతుకూలీ పన్ను కూడా కలిసి వుందని చెప్పుకోవటం అతిశయోక్తి కాదు.

మన దేశానికి ఈ చరిత్రతో మరొక సంబంధం కూడా వుంది. 1944లో అదార్కర్ పారిశ్రామిక కార్మికుల ఆరోగ్య బీమా మీద నివేదిక ఇచ్చాడు. 1946లో భోర్ కమిటీ, డబ్బు చెల్లించలేని కారణంగా ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదన్న సూత్రం మీద, ప్రభుత్వ ఖర్చుతో పల్లెదాకా చేరే ఆరోగ్య వ్యవస్థను సూచించింది. మొదటిది బీమా దారి, రెండవది హక్కు దారి. మనం మొదటిదాన్ని చట్టం చేశాం. ఉద్యోగుల రాజ్య బీమా చట్టం 1948 ఏప్రిల్‌లో వచ్చింది. అంటే వైద్యాన్ని బీమానుంచి విడదీసే పనిలో బ్రిటన్ వున్న సంవత్సరంలోనే మనం బీమాతో మొదలుపెట్టాం. రెండవ నివేదికను మాత్రం ఇన్ని దశాబ్దాలుగా వాయిదాల మీద, అరకొరగా అమలు చేస్తూ వచ్చాం.

ఈ చట్టాన్నీ తీసిపారేయనక్కర్లేదు. దానికోసం కార్మిక సంఘాలు పోరాడాయి. దానివల్ల ప్రాణాలు నిలిచాయి. కాని గీత ఎక్కడ గీసిందో చూడండి. మొదట యంత్రశక్తితో నడుస్తూ 20 మందికి తక్కువ కాకుండా పనిచేసే కర్మాగారాలకే అది వర్తించింది. ఏడాదిలో కొన్ని నెలలు మాత్రమే నడిచే కర్మాగారాలను మినహాయించారు. పత్తి గింజ తీసే మిల్లు, వేరుశనగ కాయ కొట్టే మిల్లు, చక్కెర మిల్లు ఆ మినహాయింపులోనివి. గుంటూరు, రాయలసీమ ప్రాంతాల శ్రామికులను తలుచుకుంటే అది ఎంతమందిని బయట నిలిపిందో వేరే చెప్పనక్కర్లేదు. వ్యవసాయ కూలీ మాట సరేసరి.

2007లో మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ వచ్చింది. పేద కుటుంబానికి జాబితాలో వున్న శస్త్రచికిత్సలనూ, చికిత్సలనూ 2 లక్షల రూపాయల దాకా ఉచితంగా చేయించే పథకంగా అది మొదలయింది. ఎందరికో గుండె ఆపరేషన్లు జరిగాయి, నిజమే. కాని 1911 చట్టానికి ఇది తలకిందులు. అది వీధి డాక్టరునిచ్చి ఆసుపత్రిని వదిలేసింది. ఇది ఆసుపత్రినిచ్చి రోజువారీ డాక్టరునూ, నెలనెలా కొనవలసిన రక్తపోటు మాత్రనూ వదిలేసింది. గుండె ఆగబోయేదాకా ఆ గుండె సంగతి పథకానికి పట్టదు. 1911లో ప్రజల సొమ్ము బీమా కంపెనీల గడప మీదుగా నడిచింది. ఇక్కడ అందులో పెద్దభాగం కార్పొరేటు ఆసుపత్రుల గడప మీదుగా నడిచింది.

ఏ ప్రభుత్వం ఏ పేరుతో ఆరోగ్య పథకం తెచ్చినా ఈ చరిత్ర మన చేతికి నాలుగు ప్రశ్నలు ఇచ్చింది. ఇందులో ఎవరు లేరు? ఏ జబ్బు లేదు? డబ్బు ఎవరి జేబులోంచి పోతున్నది? నిర్వహణ ఎవరి చేతిలో వుంది? ఇవి అడగకుండా పథకాన్ని పొగిడేవాడు పాలకుల వంది. అడిగిన తర్వాత కూడా, వచ్చిన కాస్త మేలునూ నిలుపుకోకుండా తన్నిపారేసేవాడు కార్మికుడికి మేలు చేయడు. ట్రెడెగర్ గని కార్మికులు ఆ రెండు పనులూ చేయలేదు. దొరికినదాన్ని గట్టిగా పట్టుకున్నారు, పట్టుకున్నదానితో తృప్తి పడలేదు. ఆరోగ్య కేంద్రంలో మందు లేదని తెలిసి వెనక్కి నడిచే కూలి మనిషి, అది తనకు దక్కని ధర్మం కాదనీ, తనకు ఎగ్గొట్టిన బాకీ అనీ తెలుసుకోవాలి. ఆ సంగతి ఆమెకు చెప్పవలసినవాళ్ళలో చదువుకున్న మనమూ, చదువు చెప్పే మనమూ వున్నాం.